పాత చేతిపని గిటారా, కొత్తదా? వరంగల్ ఎండకూ ముసురుకూ నిలిచేదాన్ని ఎంచుకోవడం

హన్మకొండలోనో కాజీపేటలోనో పాత గిటారు ఒకటి అమ్మకానికి వచ్చిందంటే ముందుగా వినిపించే మాట ఒకటే: "చేత్తో చేసింది సార్, ఇప్పుడు ఇట్లాంటివి వస్తలేవు." నిజమే కావచ్చు. అయితే చేత్తో చేసినవన్నీ బాగా చేసినవి కావు, పాతబడినవన్నీ బాగా మోగవు. స్టీల్ తీగల గిటారు రాత్రీ పగలూ లాగుడు మీద ఉండే చెక్కపెట్టె. 12–53 సెట్టు (సన్న తీగ 0.012, లావు తీగ 0.053 అంగుళం మందం) తీగల్ని మామూలు శ్రుతికి బిగిస్తే ఆరూ కలిసి సుమారు 74 కిలోల బలంతో బ్రిడ్జ్‌ను, అంటే పైచెక్క మీద తీగలు కట్టే చెక్క దిమ్మను, లాగుతుంటాయి. దాన్ని మోసేది దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే పైచెక్క. నలభై యాభై ఏళ్లు అలా మోసిన పెట్టె ఎంతో కొంత వంగకుండా ఉండదు. ఎంత వంగింది, సరిచేయడానికి ఇంకా చోటుందా అన్నది ముందు తేల్చుకోవాలి. పాతదా కొత్తదా అన్న చర్చ ఆ తర్వాత.

ఇక్కడ కొనేవాళ్ల ముందు మామూలుగా నాలుగు దారులుంటాయి. 1930ల నుంచి 1970ల దాకా అమెరికాలోనో జపాన్‌లోనో తయారై, ఎవరో బంధువు వెంట ఇక్కడికి చేరిన గిటారు. ఒకప్పుడు కలకత్తా నుంచి మన ఊళ్ల దుకాణాలకు వచ్చిన చేతిపని గిటారు. ఇప్పుడు మన దేశంలోనే ఒక్కొక్కటిగా చేసిచ్చే లూథియర్ (గిటార్లు చేసే పనివాడు) దగ్గర చేయించుకునే కొత్తది. చివరగా, ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త సాలిడ్ చెక్క (ప్లైవుడ్ కాని అసలు చెక్క) గిటారు.

అమెరికా పాతవి: ఏ ఏడాదిది అన్నది ఎందుకు ముఖ్యం

మార్టిన్ కంపెనీ 1833లో మొదలైంది. పైచెక్క లోపలివైపు బద్దీలను ఇంటూ ఆకారంలో అతికించే పద్ధతిని వాళ్లు 1840ల్లోనే వాడారు. అప్పటికి గిటార్లకు ఉన్నవి పేగు తీగలే. స్టీల్ తీగలు వచ్చాక ఆ బరువుకు సరిగ్గా సరిపోయింది ఈ అమరికే. ఇప్పుడు మనం చర్చిల్లో, కాలేజీ ఫెస్టుల్లో చూసే పెద్ద నడుము గిటారు, అంటే డ్రెడ్‌నాట్, మార్టిన్ పేరుతో 1931లో వచ్చింది. 1944 చివరిదాకా ఆ గిటార్లలో లోపలి బద్దీలను మధ్యలో లోతుగా చెక్కి తేలిక చేసేవాళ్లు. అందుకే అవి బాగా మోగుతాయి, అందుకే పైచెక్క పొట్ట కూడా ఎక్కువ ఉబ్బుతుంది. లాభనష్టాలు రెండూ ఒకే ఉలి దెబ్బలో ఉన్నాయన్నమాట. ఆ తర్వాతి వాటిలో బద్దీలు నిండుగా ఉంటాయి. మోత కాస్త బిగుతుగా ఉంటుంది గానీ నిలకడ ఎక్కువ.

కొనేవాడికి ఇంకా ముఖ్యమైన సంవత్సరం 1985. అప్పటిదాకా మార్టిన్ నెక్‌లో, అంటే గిటారు మెడలో, ఉన్నది కదలని ఇనుప కడ్డీ. పానా పెట్టి తిప్పి నెక్ వంపు సరిచేసే వీలు లేదు. గిబ్సన్ వాళ్లు మాత్రం 1920ల నుంచే తిప్పే కడ్డీ, అంటే ట్రస్ రాడ్, పెట్టారు. అంటే 1972 నాటి మార్టిన్ నెక్ ముందుకు వంగితే మామూలు దారి ఇది: ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా దిగేసిన లోహపు పట్టీలు) తీసేసి, కొంచెం లావు కాడ ఉన్న ఫ్రెట్లు బిగించి, ఆ ఒత్తిడితో నెక్‌ను వెనక్కి నెట్టాలి. అది తెలిసిన చెయ్యి చేయాల్సిన పని. అదే కాలపు గిబ్సన్‌లో అయితే ట్రస్ రాడ్ నట్ బాగుంటే చాలు, పావు తిప్పుతో పని అయిపోవచ్చు. నట్ తుప్పు పట్టి బిగుసుకుపోయిందా, దాని మొహం అరిగిపోయిందా అని మాత్రం మూత విప్పి చూడాలి. తిరగని నట్‌ను బలవంతంగా తిప్పితే రాడ్ తెగుతుంది.

చేతి పట్టు సంగతీ ఉంది. 1960ల మధ్య నుంచి కొన్నేళ్ల పాటు వచ్చిన గిబ్సన్లలో నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ, ట్రస్ రాడ్ నట్ వేరు) దగ్గర నెక్ వెడల్పు 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మార్టిన్ డ్రెడ్‌నాట్‌కు ఎక్కువగా 43. వేళ్లతో మీటేవాళ్లకు 44.5 సుఖం. పెద్ద చేతులున్నవాళ్లు 40 కొని, సి కార్డ్ పట్టినప్పుడల్లా పక్క తీగ మూసుకుపోతుంటే తప్పు తమదే అనుకుంటూ నెలలు గడుపుతారు. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి, అర నిమిషం పని.

ఇక జపాన్ వైపు. యమహా ఎఫ్‌జీ సిరీస్ 1966లో మొదలైంది. పాత ఎర్ర లేబుల్ ఎఫ్‌జీ-180 గురించి గొప్ప మాటలు చాలా తిరుగుతుంటాయి. అది మంచి గిటారే. కానీ దాని పైచెక్క పొరలు అతికించిన ప్లైవుడ్. అందుకే అంత తేలిగ్గా పగలదు, మన ఎండకు బాగా ఓర్చుకుంటుంది. అయితే "పాత సాలిడ్ స్ప్రూస్" అని చెప్పి దానికి సాలిడ్ గిటారు ధర అడిగితే ఇవ్వాల్సిన పనిలేదు. తేడా కనిపెట్టడం తేలిక: సౌండ్ హోల్ (పైచెక్క మధ్య గుండ్రటి రంధ్రం) అంచును టార్చి వెలుగులో చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా అలాగే కిందికి దిగితే సాలిడ్. అంచులో శాండ్‌విచ్‌లా రెండు మూడు పొరలు కనిపిస్తే ప్లై. వెనకచెక్కకైతే బయట ఉన్న ముడి లేదా గీత లోపల అదే చోట ఉందా అని పోల్చుకోవాలి.

కలకత్తా చేతిపని

లాల్‌బజార్, రవీంద్ర సరణి చుట్టుపక్కల దుకాణాల పేర్లున్న గిటార్లు తెలంగాణ పట్టణాల్లో ఇప్పటికీ అటకల మీద దొరుకుతాయి. 'గివ్‌సన్' అన్న పేరు చూసి అమెరికా గిబ్సన్ అనుకునేవాళ్లు ఉన్నారు. అది వేరు, ఇది కలకత్తా తయారీ. అక్షరం చదివి ధర మాట్లాడండి.

వీటిలో చాలావాటికి లోపలి బద్దీలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. ఆ అమరికలో స్వరం చురుగ్గా లేచి తొందరగా ఆగిపోతుంది. పొడిపొడిగా, గొంతు ముందుకు వచ్చినట్టు ఉంటుంది. జానపదం పాడేవాళ్ల పక్కన తాళం పట్టడానికి అది నిజంగానే బాగుంటుంది. ఒక్కో స్వరం సాగాలి, కార్డ్ గాల్లో నిలవాలి అనుకునేవాళ్లకు సరిపడదు. ఇంకో చిక్కు: అడ్డ బద్దీలు బ్రిడ్జ్ లాగుడును ఇంటూ బద్దీలంత బాగా పంచలేవు. కాబట్టి లావు తీగలు వేసిన చోటల్లా బ్రిడ్జ్ వెనక పొట్ట లేస్తుంది, ముందువైపు సౌండ్ హోల్ దగ్గర గుంట పడుతుంది. వీటికి 10–47 సెట్టు (సుమారు 60 కిలోలు) దాటవద్దు. నెక్ తల మీద ట్రస్ రాడ్ మూత కనిపించినంత మాత్రాన లోపల తిరిగే నట్ ఉంటుందన్న భరోసా లేదు. రెండు స్క్రూలు విప్పి చూడండి.

తక్కువ ధరకు వస్తే, నెక్ నిటారుగా ఉంటే, తీసుకోవచ్చు. ఎక్కువ ఖర్చు పెట్టి బాగు చేయించడానికి మాత్రం తగదు. రీసెట్ (నెక్ ఊడదీసి కోణం సరిచేయడం), రీఫ్రెట్ (ఫ్రెట్లు మార్చడం) ఖర్చు గిటారు ధరను మించిపోతుంది.

కొలవాల్సినవి, ఆ వరుసలోనే

వెంట తీసుకెళ్లాల్సినవి: అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేలు, ఇంకో అర మీటరు నిటారు స్కేలు, ఫీలర్ గేజ్, కేపో (నెక్ మీద తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు), చిన్న అద్దం, ఫోన్. ఫీలర్ గేజ్ అంటే ట్యాపెట్లు సెట్ చేయడానికి బైక్ మెకానిక్ వాడే రేకుల కట్టే. ప్రత్యేకంగా కొనక్కర్లేదు, తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు.

ముందు ఫోన్‌లో ట్యూనర్ పెట్టి మామూలు శ్రుతికి బిగించండి. ఈ అడుగు దాటేయకూడదు. నెక్ లేచిపోయిన గిటారును ఒకటి రెండు మెట్లు దించి చూపిస్తే తీగలు మెత్తగా, సుఖంగా అనిపిస్తాయి. ఒక్క సగం మెట్టు దించితేనే లాగుడు దాదాపు 11 శాతం తగ్గుతుంది. "బిగిస్తే తీగ తెగుతుంది" అని అమ్మేవాళ్లు అడ్డుపడితే కొత్త సెట్టు మీరే కొని ఇవ్వండి. బిగించాక పావుగంట ఆగండి.

తర్వాత నెక్ వంపు. మొదటి ఫ్రెట్ మీద కేపో, నెక్ పెట్టెను కలిసే చోట, అంటే ఎక్కువగా 14వ ఫ్రెట్ దగ్గర, లావు తీగను వేలితో నొక్కి, 6, 7 ఫ్రెట్ల మధ్య తీగకూ ఫ్రెట్‌కూ ఉన్న సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. 0.4 దాటితే ముందుకు వంగింది. సందే లేకపోతే వెనక్కి వంగింది, కింది ఫ్రెట్లలో బర్రుమంటుంది.

ఆ తర్వాత కేపో తీసేసి 12వ ఫ్రెట్ మీద తీగల ఎత్తు: లావు తీగకు 2.4, సన్న తీగకు 1.8 నుంచి 2.0 మిల్లీమీటర్లు. ఇక్కడితో ఆగిపోతే మోసపోతాం. ఎందుకంటే ఎత్తు తగ్గించడానికి శాడిల్‌ను (బ్రిడ్జ్ గాడిలో నిలబడి తీగలు ఆనే పట్టీని) అరగదీయొచ్చు, శాడిల్ అయిపోతే బ్రిడ్జ్‌నే పల్చగా చెక్కేయొచ్చు. కాబట్టి 12వ ఫ్రెట్ కొలతను ఎప్పుడూ ఇంకో రెండింటితో కలిపి చూడాలి: బ్రిడ్జ్ పైన శాడిల్ ఎంత కనిపిస్తోంది, బ్రిడ్జ్ దగ్గర తీగ పైచెక్క నుంచి ఎంత ఎత్తులో ఉంది. శాడిల్ కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. తీగ ఎత్తు 12, 13 దగ్గర ఉంటే ఆరోగ్యం. 10 కంటే తక్కువ ఉందంటే బ్రిడ్జ్‌ను ఎవరో చెక్కారేమోనని అనుమానించాలి.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 3.5 ఉంది, మనకు 2.4 కావాలి. తగ్గాల్సింది 1.1. 12వ ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ 1.1 తగ్గాలంటే శాడిల్ దగ్గర రెండింతలు, 2.2 తీయాలి. శాడిల్ 4 మిల్లీమీటర్లుంటే తీసినా 1.8 మిగులుతుంది. వాయించుకోవచ్చు, కాకపోతే తీగ శాడిల్ మీద ఒరిగే కోణం తగ్గి మోత కాస్త సన్నబడుతుంది. శాడిల్ 2 మాత్రమే ఉంటే తీయడానికి ఏమీ లేదు. అప్పుడు నెక్ రీసెట్ తప్పదు.

నిటారు స్కేలును ఫ్రెట్ల మీద నిలువుగా ఆనించి బ్రిడ్జ్ వైపు జరిపి చూస్తే ఇదే సంగతి కంటికి కనిపిస్తుంది. స్కేలు కొస బ్రిడ్జ్ పైఅంచును తాకుతూ వెళ్తే నెక్ కోణం సరిగ్గా ఉంది. బ్రిడ్జ్ ముందు మొహానికి మధ్యలో గుద్దుకుంటే కోణం పోయింది.

రీసెట్ అంటే ఏమిటో తెలిస్తే ధర మాట్లాడటం తేలిక. పాత చేతిపని గిటార్లలో నెక్ పెట్టెలోకి పావురం తోక ఆకారపు కీలుతో దిగి ఉంటుంది. 15వ ఫ్రెట్ తీసి, దాని గాడిలో సన్న రంధ్రం చేసి, ఆవిరి పంపి జిగురును కరిగించి నెక్‌ను ఊడదీస్తారు. నెక్ మడమ (పెట్టెను కలిసే చోటు) దగ్గర కొద్దిగా చెక్కి కోణం మార్చి మళ్లీ అతికిస్తారు. తోలు, ఎముకలు ఉడికించి తీసే పాతకాలపు జిగురు వేడికీ తడికీ లొంగుతుంది కాబట్టి ఇదంతా సాధ్యం. మధ్యలో ఎవరైనా నెక్ సందులో ఎపాక్సీ పోసి ఉంటే ఇదంతా నరకం. మడమ చుట్టూ గాజులా మెరిసే జిగురు గీత కనిపిస్తే ఆ గిటారును వదిలేయడమే మేలు.

తెల్ల జిగురు విషయం కూడా చెప్పుకోవాలి. మన వడ్రంగులు తలుపులకూ బల్లలకూ వాడే తెల్ల జిగురు మంచిదే, ఆ పనులకు. ఎప్పుడూ లాగుడు మీద ఉండే బ్రిడ్జ్‌కు అది వేస్తే వేసవి వేడికి కొంచెం కొంచెంగా జారుతుంది. బ్రిడ్జ్ మిల్లీమీటరు ముందుకు జరిగితే శ్రుతి మొత్తం తప్పుతుంది. చుట్టూ ఎండిన తెల్ల చారలు, బ్రిడ్జ్ పాత నీడ పక్కన కొత్త గీత కనిపిస్తే ఇదే జరిగిందని లెక్క. బ్రిడ్జ్‌ను స్క్రూలతో బిగించి ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు.

మిగిలిన పరీక్షలు గబగబా అయిపోతాయి. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూర్చండి, లోపలికి పోతే ఊడుతోంది. అద్దం, టార్చి లోపల పెట్టి తీగల కొసల్లోని గుండ్లు ఆనే పట్టీని చూడండి. రంధ్రాలు తిని తిని గుండు పైచెక్కలోకి ఎక్కుతుంటే పట్టీ బాగు చేయించాలి. వేలి కణుపుతో పైచెక్క అంతా తట్టుకుంటూ రండి, ఒకచోట డబ్బా చప్పుడు, చిన్న చిటపట వస్తే బద్దీ ఊడింది. ఫ్రెట్ ఎత్తు 0.7 కంటే తక్కువైతే రీఫ్రెట్ ఖర్చు కలుపుకోండి. 12వ ఫ్రెట్ మీద గంట స్వరాన్నీ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చేది) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. ఆరు తీగలూ ఒకేలా పది సెంట్లు (సెంటు అంటే సగం మెట్టులో వందో వంతు) ఎక్కువ చూపిస్తే శాడిల్ ఉన్న చోటే తప్పు. ఇది 1970ల డ్రెడ్‌నాట్లలో తప్పకుండా చూడాల్సింది.

పగుళ్లకు భయపడక్కర్లేదు. బాగు చేసి లోపల చిన్న చెక్క బిళ్లలు అతికించిన పగులు మోతను పాడు చేయదు, ధరను మాత్రం తగ్గిస్తుంది. భయపడాల్సింది పుచ్చుకు. ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. అలాంటిదాన్ని మిగతా గిటార్లున్న గదిలోకి తీసుకురావద్దు.

ఏ నెలలో చూస్తున్నారో గుర్తుంచుకోండి

ఇక్కడ మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ తరచూ 20, 30 శాతానికి పడిపోతుంది. ఆగస్టు ముసురులో 80 దాటుతుంది. సాలిడ్ గిటారుకు నచ్చేది 45 నుంచి 55. చెక్క నిలువుగా పెద్దగా మారదు గానీ అడ్డంగా తేమ తాగి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది. లోపలి బద్దీలు అడ్డంగా అతికి ఉండడంతో ముడుచుకోవడానికి దారి లేక పైచెక్క చీలుతుంది.

దీనివల్ల ఒకే గిటారు రెండు కాలాల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. ఆగస్టులో పొట్ట ఉబ్బి తీగలు అర మిల్లీమీటరు దాకా లేస్తాయి, పగుళ్లు మూసుకుపోయి కనిపించవు. మేలో పొట్ట దిగి తీగలు కిందికి వస్తాయి, ఫ్రెట్ కొసలు ఫింగర్‌బోర్డ్ పక్కన వేలికి గుచ్చుకుంటాయి, పగుళ్లు నోరు తెరుస్తాయి. అందుకే పాత గిటారు చూడటానికి వేసవి మంచిది, దాచుకున్న లోపాలు బయటపడతాయి. శాడిల్ అరగదీయించే పని మాత్రం కార్తీకం తర్వాత పెట్టుకోవాలి. వానాకాలంలో ఎత్తు చూసి శాడిల్ తీయించుకుంటే ఏప్రిల్ వచ్చేసరికి తీగలు ఫ్రెట్ల మీద బర్రుమంటాయి, అప్పుడు కొత్త శాడిల్ కొనాలి.

అన్నిటికంటే ఎక్కువ గిటార్లను పాడు చేసేది కూలర్. కూలర్ నడుస్తున్న గదిలో తేమ 60, 70కి చేరుతుంది. కరెంటు పోయినా, తలుపు తెరిచి పనికి పోయినా గంటలో మళ్లీ 25కు వస్తుంది. రోజుకు రెండుసార్లు ఆ ఊగిసలాట తట్టుకోవడం పాత సాలిడ్ చెక్కకు కష్టం. గోడకు కొక్కెం వేసి అందంగా వేలాడదీసే అలవాటు మన దగ్గర పనికిరాదు. గట్టి కేసులో పెట్టండి. చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో తడిపి పిండేసిన స్పంజి పెట్టి కేసులో నెక్ తల కింద ఉంచితే వేసవి గడుస్తుంది. మేలో రెండు మూడు రోజులకోసారి తడపాలి, చుక్క కారకూడదు. వానలు పడగానే అది తీసేసి సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కేసులో ఉండాల్సిందే. అది లేకుండా మిగతావన్నీ ఊహలే.

డాబా పైఅంతస్తు గది, రేకుల ఇల్లు అయితే పాత సాలిడ్ గిటారు ఆలోచన మానుకోవడం మంచిది. అక్కడ సాలిడ్ టాప్, ప్లై వెనకచెక్క ఉన్న కొత్త గిటారు నిశ్చింతగా పనిచేస్తుంది.

చేయించుకుంటే

మన దేశపు లూథియర్ దగ్గర చేయించుకోవడానికి బలమైన కారణం వెనకచెక్క. పేరున్న గిటార్లలో చాలావాటికి వాడే ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగే. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై మార్టిన్ 1969 చివర్లో ఈ చెక్కకు మారింది. అప్పటి నుంచి రోజ్‌వుడ్ గిటార్లకు ఎక్కువగా దీన్నే వాడుతున్నారు. పైచెక్క స్ప్రూస్ మాత్రం బయటి నుంచి రావాల్సిందే. జిట్రేగి ఎంత అందంగా ఉన్నా, గిటారు మోతలో ఎక్కువ పాలు పైచెక్కదే. డబ్బు అక్కడ పెట్టండి.

అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది: ఏ ఊళ్లో, ఎంత తేమలో అతికిస్తారు? సముద్రం దగ్గరి ఊళ్లో, ఏసీ, తేమ తగ్గించే యంత్రం లేని షెడ్డులో, వానాకాలంలో అతికించిన పెట్టె వరంగల్‌కు వచ్చి మొదటి వేసవిలోనే పగిలే అవకాశం చాలా ఎక్కువ. 45 నుంచి 50 శాతం తేమలో అతికిస్తామని, మీటరు చూపించి చెప్పేవాళ్లే కావాలి. రెండోది: నెక్ బోల్టుతోనా, జిగురుతోనా? బోల్టు నెక్ అంటే పదేళ్ల తర్వాత కోణం సరిచేయడానికి ఆవిరి అక్కర్లేదు. "బోల్టు అయితే మోత తగ్గుతుంది" అన్న మాటను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మూడోది: ట్రస్ రాడ్ రెండువైపులా పనిచేసేదేనా? మన ఊరి గాలికి నెక్ ఒక కాలంలో ముందుకూ ఇంకో కాలంలో వెనక్కూ పోతుంది కాబట్టి అది అవసరం. నట్ వెడల్పు, స్కేల్ పొడవు (645 మిల్లీమీటర్లయితే తీగ బిగువు, 632 అయితే కాస్త మెత్తన), 12వ ఫ్రెట్ ఎత్తు, శాడిల్ ఎత్తు కాగితం మీద రాయించుకోండి. బయానా ఇచ్చే రోజే.

ఫ్యాక్టరీ సాలిడ్ గిటారు గురించి చెప్పాల్సింది తక్కువ. యంత్రం కోసిన నెక్ కోణంలో తప్పు అరుదు, వారంటీ ఉంటుంది, మళ్లీ అమ్మాలంటే ధర తేల్చుకోవడం తేలిక. టేలర్ 1999లో తెచ్చిన బోల్టు నెక్ పద్ధతిలో సన్న చెక్క రేకులు మార్చి కోణాన్ని నిమిషాల్లో సరిచేస్తారు. ఒక్కటే గిటారు కొనేవాళ్లకు, వారం వారం చర్చిలోనో కచేరీలోనో వాయించేవాళ్లకు ఇదే సరైన దారి అని మా లెక్క. పాత చేతిపని గిటారు రెండో గిటారుగా వస్తే బాగుంటుంది.

ధర, కాగితాలు

పాతదానికి అడిగిన ధర మీద నెక్ రీసెట్, రీఫ్రెట్, కొత్త నట్, శాడిల్ ఖర్చు కలపండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆ పని చేసే మనిషికి మీరు తీసిన కొలతలు, ఫోటోలు పంపి ముందే అంచనా అడగండి. ఆ మొత్తం ఒక కొత్త సాలిడ్ గిటారు ధరను దాటితే, ఈ పాత గిటారు మోతే కావాలని మీ చెవి పట్టుబట్టిందా అని ఇంకోసారి వినండి. అవునంటే కొనండి. శాడిల్ 3 మిల్లీమీటర్లుండి, నెక్ నిటారుగా ఉన్న పాతది దొరికితే ధర ఎక్కువైనా అదే చౌక.

బయటి దేశం నుంచి తెప్పించుకుంటుంటే చెక్క పేరు తప్పక అడగాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది. ఆ చెక్కతో చేసిన 1969కి ముందటి మార్టిన్ డి-28 డ్రెడ్‌నాట్ అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. మిగతా రోజ్‌వుడ్‌లకు 2017 జనవరిలో పెట్టిన ఆంక్షల నుంచి తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది. పాత నట్, శాడిల్ ఏనుగు దంతమైతే మన చట్టం ప్రకారం కొనడం, అమ్మడం నేరం. మార్టిన్ వరుస సంఖ్య సౌండ్ హోల్‌లోంచి చూస్తే లోపల నెక్‌ను పట్టి ఉండే దుంగ మీద కనిపిస్తుంది. అది చెరిపేసి ఉంటే కథ ఎంత బాగున్నా వెనక్కి రండి.

హైదరాబాద్‌లో కొన్నారనుకోండి. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు 132 కిలోమీటర్లు. బస్సు డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో కేసు పెట్టవద్దు, ఆ వేడికి పాత జిగురు మెత్తబడుతుంది. రైల్లో మీ పక్కనే నిలబెట్టుకోండి. తీగల్ని ఒక మెట్టు దించండి, పూర్తిగా వదులు చేయవద్దు. ఇంటికి వచ్చాక కేసును వెంటనే తెరవకుండా ఒక పూట గదిలో ఉంచండి. తర్వాత 11–52 సెట్టు వేసి, సగం మెట్టు దించి వారం వాయించండి. ఎనిమిదో రోజు మామూలు శ్రుతికి తెచ్చి, 12వ ఫ్రెట్ ఎత్తు మళ్లీ కొలిచి, కొన్న రోజు రాసుకున్న అంకె పక్కన రాయండి.